నడుస్తున్నదాన్ని ముట్టుకునే ధైర్యం

“చల్ రై భాయ్, హాత్ నక్కో లగావ్.”

పాతబస్తీలో కంప్యూటర్ల పని చూసుకునే కుర్రవాళ్లకు కొత్తగా చేరినప్పుడు దొరికే మొదటి సలహా ఇదే. నడుస్తోంది కదా, చెయ్యి పెట్టకు. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణమైనా, ఛత్తాబజార్‌లో శుభలేఖలు అచ్చేసే ప్రెస్సయినా, ఆస్పత్రి అయినా, కాలేజీ అయినా వెనక గదిలో ఒక సర్వరు ఏళ్ల తరబడి తన మానాన తాను నడుస్తూ ఉంటుంది. కదిలిస్తే వెబ్‌సైటు ఆగుతుంది, ఈమెయిల్ ఆగుతుంది, సేఠ్ కేకలేస్తాడు. అందుకని ముట్టుకోకపోవడమే తెలివి అనుకుంటారు.

నేను దాన్ని తెలివి అనలేను. అది దాచిపెట్టుకున్న భయం. ముట్టుకోకుండా గడిపిన ప్రతి ఏడాదీ మీ వెర్షనుకూ బయట నడుస్తున్న వెర్షనుకూ మధ్య దూరం పెరుగుతుంది. దూరం పెరిగేకొద్దీ భయమూ పెరుగుతుంది. చివరికి ఏదో ఒకరోజు హార్డ్ డిస్క్ పోతుంది, లేదా ఎవడో లోపలికి చొరబడతాడు. మార్పు ఎలాగూ జరుగుతుంది. కాకపోతే అది మీరు ఎంచుకున్న రోజున జరగదు, మీరు ఎంచుకున్న పద్ధతిలోనూ జరగదు.

ధైర్యం కొందరికి పుట్టుకతో వస్తుందని చాలామంది నమ్ముతారు. పెద్ద మార్పులు నెమ్మదిగా, నిబ్బరంగా చేసేవాళ్లను దగ్గర నుంచి గమనించండి. వాళ్లకు ఉన్నది ప్రత్యేకమైన గుండె కాదు. వెనక్కి వచ్చే దారిని వాళ్లు ముందే వేసుకుని ఉంటారు, దాని మీద ఒకసారి నడిచి చూసి ఉంటారు. ఈ అలవాటు పట్టుబడాలంటే యునిక్స్ తరహా యంత్రం మీద నేమ్ సర్వరు సాఫ్ట్‌వేర్‌ను ఒక్కసారి పద్ధతిగా అప్‌గ్రేడ్ చేసి చూడమంటాను. ఆ పని రాని వాళ్లు కూడా చదవండి, ఇందులో మీకూ పనికొచ్చేది ఉంది.

ఛాయ్ దుకాణంలో అడిగినట్టు

లాడ్‌బజార్‌లో ఫలానా గాజుల దుకాణం ఎక్కడుందో తెలియనివాళ్లు గుల్జార్‌హౌజ్ దగ్గర ఛాయ్ దుకాణంలో అడుగుతారు. ఆయనకు తెలిస్తే చెబుతాడు, తెలియకపోతే తెలిసినవాళ్లను కనుక్కుని చెబుతాడు. తర్వాత ఇంకొకరు వచ్చి అడిగితే మళ్లీ కనుక్కోడు, గుర్తున్నదే చెబుతాడు. ఇంటర్నెట్‌లో ఈ పని చేసేది నేమ్ సర్వరు. మనం ఒక పేరు టైపు చేస్తాం. ఆ పేరు వెనక ఉన్న అంకెల చిరునామాను అది తెచ్చి ఇస్తుంది.

మొదట్లో ఇంత ఏర్పాటు లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఒకే ఒక జాబితా ఫైలు నిర్వహించేది, యంత్రాలన్నీ దాన్నే కాపీ చేసుకునేవి. యంత్రాలు పెరిగేసరికి ఆ పద్ధతి చాల్లేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ ఇప్పటి పేర్ల వ్యవస్థ డీఎన్‌ఎస్‌ను రూపొందించాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు దాన్ని యునిక్స్ మీద నడిపే సాఫ్ట్‌వేర్ రాశారు. అదే బైండ్. 1997లో బైండ్ 8 వచ్చినప్పుడు కాన్ఫిగరేషన్ ఫైలు రూపమే మారిపోయింది. 2000లో వచ్చిన బైండ్ 9ను మొదటి వరుస నుంచీ కొత్తగా రాశారు. అంటే ఈ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకున్నవాళ్లు ప్రతి కొన్నేళ్లకూ తమకు తెలిసినదాన్ని పక్కనపెట్టి మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది.

2008లో డాన్ కమిన్‌స్కీ అనే పరిశోధకుడు డీఎన్‌ఎస్‌లో పెద్ద లోపం పట్టుకున్నాడు. ప్రతి ప్రశ్నకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది 65,536 సంఖ్యల్లో ఒకటి. ఆ సంఖ్యను ఊహించి అసలు జవాబు రాకముందే దొంగ జవాబు జొప్పిస్తే నేమ్ సర్వరు దాన్నే నమ్మి గుర్తుపెట్టుకుంటుంది. మన ఛాయ్ దుకాణదారుకు ఎవడో తప్పుడు చిరునామా నూరిపోస్తే, ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆయన దాన్నే చెప్పినట్టు. బ్యాంకు పేరు అడిగితే దొంగ సైటుకు చేరతాం. కమిన్‌స్కీ దాన్ని పట్టుకున్న వెంటనే ప్రపంచానికి చాటలేదు. మార్చి చివర్లో పదహారుమంది నిపుణులు అమెరికాలోని రెడ్‌మండ్‌లో గుట్టుగా సమావేశమయ్యారు. నెలల తరబడి నోరు మెదపకుండా పనిచేసి, 2008 జులై 8న పెద్ద సంస్థలన్నీ ఒకేసారి సవరణలు విడుదల చేశాయి. ప్రశ్న వెళ్లే పోర్టును కూడా ప్రతిసారీ మార్చడం అందులో ముఖ్యమైన మందు.

తొందర పడాల్సిన సమయంలోనూ వాళ్లు తొట్రుపడలేదు. ఆ సవరణ వచ్చాక దాన్ని తమ యంత్రాల్లో వేసుకోవలసిన బాధ్యత మాత్రం ఊరూరా వెనక గదుల్లో కూర్చున్నవాళ్ల మీద పడింది. రోజూ ఎంతో కొంత మార్చే అలవాటున్నవాడికి అది ఒక పూట పని. పదేళ్లుగా చెయ్యి పెట్టనివాడికి అది పీడకల.

ముందు తిరుగుదారి

అప్‌గ్రేడ్ అనగానే చాలామంది కొత్త వెర్షన్ దించుకోవడంతో మొదలుపెడతారు. మీరు పాతదాన్ని భద్రం చేయడంతో మొదలుపెట్టండి. కాన్ఫిగరేషన్ ఫైళ్లు, మీ డొమైన్ పేర్లూ చిరునామాలూ ఉండే జోన్ ఫైళ్లు, సంతకాల కీలు, పాత ప్యాకేజీ, అన్నీ వేరే యంత్రంలోకి చేరాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. డైనమిక్‌గా మారే జోన్లు ఉంటే తాజా మార్పులు జర్నల్ ఫైలులో ఉంటాయి. ‘ఆర్‌ఎన్‌డీసీ సింక్’ కమాండ్ ఇచ్చి వాటిని జోన్ ఫైలులోకి చేర్చకుండా ఆ ఒక్క ఫైలే కాపీ చేసుకుంటే మీ చేతికొచ్చేది పాత కాపీ. జవాబుల మీద సంతకం పెట్టే డీఎన్‌ఎస్‌సెక్ కీలు పోతే ఇంకా కష్టం, డొమైన్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైన వివరాలు కూడా మార్పించుకోవాలి.

కాపీ తీయడంతో సగం పనే అయింది. ఆ కాపీతో ఇంకో యంత్రంలో పాత సర్వరును తిరిగి నిలబెట్టి, దాన్ని నాలుగు ప్రశ్నలు అడిగి, సరైన జవాబు వచ్చిందని కళ్లారా చూడండి. చూసిన మరుక్షణం మీలో ఏదో సర్దుకుంటుంది. రేపు ఎంత పాడైనా ఇక్కడికి తిరిగి రాగలను అన్న నమ్మకం అది. పుస్తకాలు చదివితే, వేదికల మీద ఉపన్యాసాలు వింటే ఆ నమ్మకం రాదు.

ఉద్యోగం మారాలనుకునేవాళ్లకూ ఇదే చెబుతాను. కొన్ని నెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి, పాత ఆఫీసులో మంచిగా వీడ్కోలు తీసుకోండి, కొత్త పని సాయంత్రాలు కొన్నాళ్లు చేసి చూడండి. ఛత్తాబజార్‌లో ఉర్దూ శుభలేఖలు కలంతో రాసే కాతిబుల బల్ల పక్కకు ఒకప్పుడు కంప్యూటర్ వచ్చి చేరింది. కలం వదలకుండానే కీబోర్డు నేర్చుకున్నవాళ్లకు రెండు చేతులా పని దొరికే వీలుంది. పాతదాన్ని విసిరికొడితేనే సాహసం అనే మాట సినిమాకు సరిపోతుంది, బతుక్కి సరిపోదు.

అడిగి తెలుసుకోవడం నామోషీ కాదు

ప్రతి కొత్త వెర్షనుతో పాటు విడుదల పత్రం వస్తుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ. చదవకపోతే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ. బైండ్ 9.18లో ‘ఆటో-డీఎన్‌ఎస్‌సెక్’ అనే వరుస ఉంటే, త్వరలో తీసేస్తామని హెచ్చరిస్తూనే అది పనిచేసింది. 2024 జులైలో వచ్చిన 9.20లో దాన్ని నిజంగానే తీసేశారు, దాని స్థానంలో ‘డీఎన్‌ఎస్‌సెక్-పాలసీ’ రాసుకోవాలి. పాత కాన్ఫిగరేషన్‌ను అలాగే ఉంచి కొత్త బైండ్ మొదలుపెడితే ఆ వరుస దగ్గరే తప్పు చూపించి సర్వరు లేవదు. హెచ్చరిక లాగ్‌లో ఎన్నాళ్లుగానో కనిపిస్తూనే ఉంటుంది. ఎవరూ చూడరు. మన ఒంటి విషయంలోనూ, ఇంటి విషయంలోనూ జరిగేది ఇదే. హెచ్చరిక వచ్చినప్పుడు పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి చదవం.

కాబట్టి కొత్త వెర్షన్‌ను ముందు పరీక్ష యంత్రంలో ఎక్కించి, మీ కాన్ఫిగరేషన్ మీద ‘నేమ్డ్-చెక్‌కాన్ఫ్’ అనే పరీక్ష కమాండ్ నడపండి. ‘జెడ్’ ఆప్షన్ కూడా ఇస్తే ఆ సర్వరు ప్రైమరీగా ఉన్న జోన్లన్నీ లోడ్ చేసి చూస్తుంది. ఏ ఫైలులో ఏ వరుసలో తప్పుందో చెబుతుంది. అసలు పని మొదలుపెట్టకముందే తప్పు ఎక్కడుందో చెప్పేవాళ్లు దొరకడం జీవితంలో అరుదు. దొరికినప్పుడు సిగ్గుపడకుండా అడగాలి. సీనియర్‌ను అడిగితే చులకనవుతానని ఊరుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

పైకి కనిపించే వెర్షన్ నంబరును చూసి కంగారు పడకండి, ధీమాగానూ ఉండకండి. సెంటాస్ 7 అనే లినక్స్‌లో బైండ్ 9.11 ఉండేది. బైండ్ తయారీదారులు 2022 మార్చిలోనే 9.11కు సెలవు చెప్పినా, ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి భద్రతా సవరణలను ఆ పాత నంబరులోకే తెచ్చి కలిపేవారు. నంబరు పాతదే, లోపల సవరణ కొత్తది. 2024 జూన్ 30తో సెంటాస్ 7కూ కాలం చెల్లింది. ఇప్పటికీ దాని మీదే నడిపేవాళ్లకు రెండు వైపులా ఆసరా లేదు. కొందరు వెర్షన్ అడిగితే చెప్పకుండా దాచే సెట్టింగ్ పెట్టి నిశ్చింతగా ఉంటారు. దాచితే లోపం పోదు, అడిగినవాడికి కనిపించదంతే.

మరోవైపు, కొత్తదల్లా గొప్పదని పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. బైండ్ 10 అని 2009లో భారీగా మొదలుపెట్టారు. 2014లో దాన్ని తయారుచేస్తున్న ఐఎస్‌సీ సంస్థే ఆ పని ఆపేసింది. బైండ్ 9 ఇప్పటికీ నడుస్తోంది. అందులోనూ 9.13 నుంచి రెండో అంకె బేసి అయితే అది ప్రయోగాల వరుస, సరి అయితే స్థిరమైనది. 9.18, 9.20 లాంటివి మనకు, 9.19, 9.21 లాంటివి ప్రయోగాలు చేసేవాళ్లకు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు నాకు అన్నీ లేటెస్ట్ కావాలి అంటే ముచ్చటేస్తుంది. ఇంకొకరి వ్యాపారం నడిచే యంత్రం మీద మాత్రం ఆ సరదా తీర్చుకోకూడదు.

ఏ వేళకు చెయ్యి పెట్టాలి

పుస్తకాలన్నీ అర్ధరాత్రి రెండు గంటలకు చేయమంటాయి. రంజాన్ నెలలో చార్మినార్ దగ్గర ఆ మాట పనికిరాదు. ఆ నెలలో పత్తర్‌గట్టీ, లాడ్‌బజార్, మదీనా పరిసరాల్లో సహరీ దాకా బేరాలు సాగుతాయి. అర్ధరాత్రే అక్కడ పట్టపగలు. జనం సద్దుమణిగేది తెల్లవారిన తర్వాత. కార్డులు గీకే యంత్రం, ఆర్డర్లు వచ్చే మెయిల్ ఆ రాత్రి ఆగితే దుకాణానికి ఏడాదిలోకెల్లా పెద్ద నష్టం. ఎవరో రాసిన నియమం గుడ్డిగా పాటించేవాడికీ, తన మనుషుల వేళలు తెలిసినవాడికీ తేడా ఇక్కడే బయటపడుతుంది. నన్నడిగితే, వ్యక్తిత్వం అని మనం చెప్పుకునేదాంట్లో సగం ఈ ఎరుకే.

ఇంకో సంగతి కూడా పాతబస్తీలో పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. సర్వరు మొరాయిస్తే దూరం నుంచి ఎన్ని కమాండ్లు ఇచ్చినా లాభం లేని క్షణం ఒకటి వస్తుంది. ఎవరో ఒకరు వెళ్లి మానిటర్ తగిలించి చూడాలి. గణేశ్ నిమజ్జనం రోజున బాలాపూర్ నుంచి బయల్దేరిన శోభాయాత్ర చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు సాగుతుంది. మొహర్రం పదో రోజున బీబీ కా ఆలమ్ ఊరేగింపు డబీర్‌పురా నుంచి కదులుతుంది. లాల్‌దర్వాజా బోనాల నాడు ఆ చుట్టుపక్కల కాలు పెట్టే చోటుండదు. ఆ రోజుల్లో దుకాణాలు మూసి ఉంటాయి కదా, పని చేసుకోవచ్చు అనిపిస్తుంది. చేయకండి. యంత్రం దగ్గరికి వెళ్లే దారి మూసి ఉన్న రోజున దాన్ని కదిలించకూడదు.

రెండు నేమ్ సర్వర్లు ఉంటే (ఉండాలి కూడా) ముందు రెండోదాన్ని అప్‌గ్రేడ్ చేయండి. కొన్ని రోజులు గమనించండి. అది నిలకడగా ఉందని తేలాకే మొదటిదాని జోలికి వెళ్లండి. ఒకే రాత్రి రెండూ ముగించేసి మర్నాడు హాయిగా నిద్రపోదామనే కోరిక బలంగా ఉంటుంది, దాన్ని అణచుకోవాలి. కొత్త చిరునామా ఉన్న యంత్రానికి మారుతున్నట్టయితే, ప్రపంచంలోని ఇతర సర్వర్లు మీ పాత జవాబును ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే గడువును ముందే తగ్గించాలి. అది 86,400 సెకన్లు, అంటే ఒక రోజు ఉంటే, 300కు తగ్గించి, ఆ పాత ఒక రోజు పూర్తిగా గడిచాకే మార్పు చేయాలి. ఆ ఒక్కరోజు ఆగలేకనే చాలామంది దెబ్బతింటారు.

మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒక సమయం రాయండి. ఏడు గంటలకు మొదలైతే ఏడున్నరకల్లా సరైన జవాబులు రాకపోతే పాతదానికి తిరిగి వెళ్తాను అని. ఈ నిర్ణయం బుర్ర చల్లగా ఉన్నప్పుడే జరగాలి. ఏడూ ఇరవై తొమ్మిదికి, చెమటలు పడుతున్నప్పుడు, ఇంకొక్క ఐదు నిమిషాలు అని మనసు బతిమాలుతుంది. ఆ ఐదు నిమిషాలు మూడు గంటలవుతాయి. కాగితం మీద రాసింది మీ చేతిరాతే కాబట్టి దాని మాట వినండి. తప్పు ఎక్కడ జరిగిందో పరీక్ష యంత్రం మీద తీరిగ్గా వెతుక్కోవచ్చు.

సర్వరు లేచింది కదా అని సంబరపడొద్దు. ‘డిగ్’ కమాండ్‌తో రెండు సర్వర్లనూ అడిగి జోన్ సీరియల్ నంబర్లు కలిశాయో లేదో చూడండి, మెయిల్ రికార్డులు అడగండి, యూడీపీతో పాటు టీసీపీ మీదా అడగండి. ఆఫీసు నెట్‌వర్క్ వదిలి ఫోన్ డేటా మీద నుంచీ అడగండి. మెయిల్ విషయంలో ఒక వింత గమనించాలి. మీ నేమ్ సర్వరు అసలు జవాబే ఇవ్వకపోతే, పంపేవారి మెయిల్ సర్వరు సాధారణంగా నాలుగైదు రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఉత్తరం ఆలస్యమైనా చేరుతుంది. అలాకాక అసంపూర్తి జోన్ లోడ్ అయి, మీ సర్వరు అలాంటి పేరే లేదు అని గట్టిగా చెబితే ఉత్తరం అప్పటికప్పుడే తిరుగుటపాలో పోతుంది. పెళ్లి కార్డు ఆర్డరు పంపినాయన ఇంకో ప్రెస్సుకు వెళ్లిపోతాడు. తెలియని విషయంలో ధీమాగా తప్పు చెప్పేవాళ్ల వల్ల ఆఫీసుల్లో ఎంత నష్టం జరుగుతుందో పై అధికారులకు బాగా తెలుసు. కనుక్కుని చెబుతాను అన్నవాడి మీద ఎవరికీ కోపం రాదు.

ఆగడం ఎప్పుడు ధైర్యమవుతుంది

వాయిదా అన్ని వేళలా పిరికితనం కాదు. డీఎన్‌ఎస్‌కు అన్నింటికన్నా పైన రూట్ అనే అంచె ఉంటుంది. దాని జవాబులు నిజమైనవేనని రుజువు చేసే మూల కీని 2010లో మొదటిసారి వాడారు. దాన్ని మార్చడానికి 2016 అక్టోబర్ 27న వర్జీనియాలో కొత్త కీ తయారుచేశారు. సరిగ్గా వారం తర్వాత, నవంబర్ 3 నుంచి 9 దాకా, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ 57వ సమావేశం మన హైదరాబాద్‌లోనే, మాదాపూర్ హెచ్‌ఐసీసీలో జరిగింది.

కీ మార్పిడికి 2017 అక్టోబర్ 11 ముహూర్తం పెట్టారు. సెప్టెంబర్ చివర్లో కొత్త సమాచారం వచ్చింది. తమ దగ్గర ఏ కీ ఉందో తామే చెప్పే సౌకర్యం కొత్త నేమ్ సర్వరు సాఫ్ట్‌వేర్‌లో వచ్చింది. చాలా సర్వర్ల దగ్గర కొత్త కీ లేదని దాని వల్లే బయటపడింది. బైండ్‌లో కీని దానంతటదే మారేలా కాక స్థిరంగా రాసిపెట్టుకోవడం అందుకు ఒక కారణం. ప్రపంచమంతా చూస్తుండగా రెండు వారాల ముందు ఐకాన్ మార్పిడిని ఆపేసింది. ఏడాదంతా కారణాలు వెతికి, నిర్వాహకులను సంప్రదించి, 2018 అక్టోబర్ 11న మన కాలమానం ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకు కీ మార్చింది. ఇబ్బందులు చెప్పుకోదగ్గంత లేవు.

చల్ రై అంటూ వదిలేయడానికీ ఈ ఆగడానికీ తేడా స్పష్టం. ఎందుకు ఆగారో చెప్పారు. ఆగిన కాలంలో పనిచేశారు. కొత్త తేదీ ప్రకటించారు, ఆ తేదీకి కట్టుబడ్డారు. మీరు ఏదైనా వాయిదా వేస్తుంటే, అది చదువైనా సంబంధమైనా వ్యాపారమైనా, ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంకో సంగతీ గమనించండి. కొత్త కీ లేదన్న తమ ఇబ్బంది చెప్పుకోగలిగినవి అప్పటికే అప్‌గ్రేడ్ అయిన సర్వర్లే. పాతవాటికి ఆ నోరే లేదు.

పని అయ్యాక సేఠ్‌కు రెండు వాక్యాల్లో చెప్పండి. ఏం మార్చారు, ఆయనకు ఏం తేడా కనిపించవచ్చు, అంతే. సాంకేతిక పదాలు వద్దు. మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం ఒక నోటుబుక్కులో తేదీ, పాత వెర్షన్, కొత్త వెర్షన్, మార్చిన వరుసలు, కాపీలు ఉన్న చోటు రాయండి. డ్యూటీలో ఉండే కుర్రాడు ఏ భాష చదవగలడో ఆ భాషలో రాయండి, తెలుగైనా ఉర్దూ అయినా.

అదే నోటుబుక్కులో ఇంకో తేదీ కూడా వేసుకోండి: 2026 అక్టోబర్ 11. ప్రణాళిక ప్రకారం రూట్ మూల కీ మళ్లీ మారేది ఆ రోజునే. కొత్త కీని 2025 జనవరి నుంచే రూట్‌లో ముందుగా ప్రచురిస్తున్నారు. మీ బైండ్ ఇతరుల తరఫున పేర్లు వెతికి, జవాబులను సరిచూసే సర్వరైతే, ఈ వారమే దాని ముందు కూర్చుని ‘ఆర్‌ఎన్‌డీసీ మేనేజ్డ్-కీస్ స్టేటస్’ కమాండ్ ఇవ్వండి. వచ్చే జాబితాలో పాత కీ 20326తో పాటు కొత్త కీ 38696 కూడా కనిపించాలి. కనిపించకపోతే మీ అప్‌గ్రేడ్ అక్కడి నుంచి మొదలుపెట్టండి.